విత్తనాల పర్మిట్ దగ్గర ఆగిపోయా, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

కొత్త_పెరడు: సాయంత్రం నుంచి ఆ ఫారంతోనే కుస్తీ, బీర చిక్కుడు గోంగూర విత్తనాలు తెప్పించుకుందామని పర్మిట్ కి పెడుతుంటే అడ్రస్ దగ్గర ముందుకి పోవట్లేదు, అన్నీ కరెక్టుగానే ఇచ్చా, తల పగిలిపోతోంది.

గుంటూరోడు: ఏ దేశానికి?

కొత్త_పెరడు: అమెరికాకే అండి, టెక్సాస్. వచ్చే నెల అమ్మ వస్తోంది, తనతో తెప్పిద్దామని.

పెరటి_బాబాయ్: ఒక్కమాట చెప్తా వినండి, పనిలో పనిగా కరివేపాకు మాత్రం పెట్టించొద్దు. పచ్చి ఆకు బ్యాన్. నిమ్మజాతి చెట్లకి గ్రీనింగ్ తెగులు మోసే పురుగు దాని మీద కూడా బతుకుద్ది, ఫ్లోరిడాలో 1998లో పురుగు కనపడింది, 2005లో తెగులు బయటపడింది, ఆ తర్వాత అక్కడి నారింజ తోటలు ఏమయ్యాయో తెల్సుగా. మనోళ్ళేమో రెండు రెమ్మలేగా అని బట్టల మధ్య దాచి తెస్తారు.

గుంటూరోడు: ఆయన కరివేపాకు అడగలేదు బాబాయ్.

సిరి_తోట: ముందు ఇండియాలో ఫైటో పర్మిట్ తీసుకున్నారా?

పెరటి_బాబాయ్: ఫైటో పర్మిట్ అని ఉండదమ్మా. ఫైటో అంటే పురుగూ తెగులూ లేవని ఇచ్చే సర్టిఫికెట్, అక్కడి ప్లాంట్ క్వారంటైన్ వాళ్ళు సరుకు చూసి ఇస్తారు. పర్మిట్ ఇచ్చేది ఇక్కడి అమెరికా వ్యవసాయ శాఖ.

సిరి_తోట: ఏదో ఒకటి, కాగితమేగా.

పెరటి_బాబాయ్: అట్లా అనుకునే ఎయిర్‌పోర్టులో పారేయించుకుంటారు. చిన్న మొత్తం విత్తనాలకి వేరే పర్మిట్ ఉంది, పీపీక్యూ 587 ఫారం, ఫీజు లేదు, అదుంటే ఫైటో అక్కర్లేదు. ప్యాకెట్‌కి 50 గింజలు లేదా 10 గ్రాములు దాటొద్దు, మొత్తం 50 ప్యాకెట్లు, మందు పూసినవి కుదరవు, మట్టి ఉండకూడదు, ప్రతి ప్యాకెట్ మీద శాస్త్రీయ నామం రాయాలి. అన్ని విత్తనాలూ ఇందులో రావు, గోంగూరది పత్తి కుటుంబం, దాన్ని ఏసీఐఆర్‌లో, అదే ఏ విత్తనానికి ఏ రూలో చూపించే ఆ శాఖ వెబ్‌సైట్‌లో, విడిగా చూసుకోండి.

కొత్త_పెరడు: గోంగూరకి శాస్త్రీయ నామం ఏంటి మరి?

సిరి_తోట: హైబిస్కస్ సబ్దరిఫ్ఫా.

పెరటి_బాబాయ్: అది ఎర్రకాడ పులుపుది. హైబిస్కస్‌లోనే ఇంకో రకం, కన్నాబినస్‌ని కూడా గోంగూరే అంటారు, మీ ఇంట్లో ఏది వేస్తారో కనుక్కోండి.

సిరి_తోట: మా ఇంట్లో రెండూ గోంగూరే.

గుంటూరోడు: ఫారం ఎవరి పేరు మీద పెట్టారు?

కొత్త_పెరడు: అమ్మ పేరు, తెనాలి అడ్రస్. తెచ్చేది తనే కదా?

గుంటూరోడు: మీ పేరున పెట్టండి. అమెరికా అడ్రస్ ఉన్నోళ్ళకే ఇస్తారు.

పెరటి_బాబాయ్: దిగగానే డిక్లేర్ చేసి పర్మిట్ కాపీ చూపించమనండి అమ్మగారిని. పోస్టులో అయితే ఆకుపచ్చ పసుపు లేబుల్ అంటించి ఆ శాఖ మొక్కలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్షన్ స్టేషన్‌కి పంపాలి, మీ ఇంటికి కాదు.

కొత్త_పెరడు: ఓకే థాంక్స్, మళ్ళీ పెట్టి చూస్తా.

సిరి_తోట: మరి ఇంటి నెయ్యి తేవచ్చా ఎవరికైనా తెల్సా?