అప్‌డేట్: ఎండకు లేచిన హెచ్‌ఓ ట్రాక్, చీమకుర్తి రాతిపొడి బాలాస్ట్

మధ్యాహ్నం ఎండకు నా హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు సైజు మోడల్ రైలు) ట్రాక్ జాయింట్ల దగ్గర ఎందుకు లేస్తోంది, చీమకుర్తి గ్రానైట్ పొడి పట్టాల చుట్టూ పరిచే కంకర, అంటే బాలాస్ట్‌గా పనికొస్తుందా అని అడిగాను. రెండూ తేలాయి. సమాధానాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ఒంగోలులో మేడమీది గదికి చలికాలం తెల్లవారుజాముకీ మే మధ్యాహ్నానికీ 20 డిగ్రీల తేడా మామూలే. అంత తేడాకు మీటరు నికెల్ సిల్వర్ పట్టా సుమారు 0.3 మి.మీ. సాగుతుంది. జాయింట్లన్నీ సోల్డర్ చేసేస్తే ఆ సాగుడు ఎటూ పోలేక పట్టా పైకి లేస్తుంది. మీరు చెప్పినట్టే వంపుల్లో సోల్డర్ ఉంచి, తిన్నగా ఉన్నచోట విప్పి, విజిటింగ్ కార్డు మందం ఖాళీ వదిలాను. మధ్యాహ్నం వేడిలో వేస్తే అంత చాలు, చల్లటి పూట వేసేవాళ్లు రెట్టింపు వదలాలి. వదులు జాయింటును కరెంటుకు నమ్మకూడదు, ప్రతి పట్టా ముక్కకూ విడిగా ఫీడర్ వైరు (కరెంటు అందించే వైరు) ఉండాల్సిందే.

ఇక పొడి. మన బ్రాడ్‌గేజ్ కంకరలో పెద్దరాయి 65 మి.మీ. ఉంటే, 1:87లో అది 0.75 మి.మీ. అంతకు మించింది జల్లించి తీసేయాలి, మెత్తటి దుమ్మును నీళ్లలో కడిగేయాలి. అన్నిటికంటే ముఖ్యం అయస్కాంతం. రాయి కోసే మిషన్ల ఉక్కు రవ్వ పొడిలో కలుస్తుంది. కాగితం మీద పరిచి అయస్కాంతం తిప్పితే నల్లటి మీసాల్లా లేచి అంటుకుంటుంది. వదిలేస్తే ఇంజన్ మోటారులోకే పోతుంది.

జిగురుకు ఫెవికాల్ ఒక వంతు, నీళ్లు రెండు వంతులు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. ముందు నీళ్లు స్ప్రే చేయకపోతే చుక్క ఇంకక పొడిని లాగేసి గుంట పెడుతుంది. పాయింట్లలో (రైలు దారి మారే చోట) కదిలే టంగ్ రెయిల్ దగ్గర జిగురు అసలొద్దు.

చీమకుర్తి పొడి ఒక్కటే వాడితే మరీ నలుపు. మామూలు బూడిదరంగు కంకరపొడి సగం కలిపాక రంగు కుదిరింది.