‘అదుపులోకి తీసుకున్నారు’ అంటే అరెస్టయినట్టా, కానట్టా?

మొన్న మన గ్రూపులో ఒకరు అనువాదం కోసం ‘అరెస్టు’కి తెలుగులో ‘అదుపులోకి తీసుకోవడం’ అని రాయొచ్చా అని అడిగారు. చాలామంది రాయొచ్చన్నారు. నేను వద్దంటున్నాను. విశాఖలో ఒక వకీలుగారి దగ్గర పాతికేళ్లుగా గుమాస్తాగా చేస్తున్నాను. ఫిర్యాదులు, అర్జీలు, బెయిలు కాగితాలు రాయడమే నా పని. అందుకని ఈ మాట నాకు రోజూ తగులుతూనే ఉంటుంది.

అదుపు మంచి మాట. పిల్లల్ని అదుపులో పెడతాం, కోపాన్ని అదుపు చేసుకుంటాం. లారీ అదుపు తప్పుతుంది, మంటలు అదుపులోకి వస్తాయి. పేపర్లో ఆ పక్కనే ‘పోలీసులు ముగ్గురు యువకులను అదుపులోకి తీసుకున్నారు’ అని ఉంటుంది. చదవడానికి హుందాగానే ఉంటుంది. కానీ ఆ ముగ్గురూ అరెస్టయ్యారా, నోటీసు పుచ్చుకుని ఇంటికెళ్లారా, ఇంకా స్టేషన్ బెంచీ మీదే కూర్చున్నారా? ఆ వాక్యంలో జవాబు దొరకదు.

అరెస్టు అంటే ఏమిటో చట్టం మాత్రం స్పష్టంగానే చెప్పింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) బదులు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 43వ సెక్షన్ చూడండి. అరెస్టు చేసేవారు మనిషి ఒంటిని తాకాలి, లేదా కదలకుండా నిర్బంధించాలి. అతనే మాటతోనో చేతతోనో లొంగిపోతే అదీ అక్కర్లేదు. సంకెళ్లు, లాకప్పు ఈ నిర్వచనంలో లేవు. అలా పట్టుకున్న దగ్గర్నుంచి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. దారిలో పట్టే సమయం ఒక్కటే అందులోంచి మినహాయింపు. రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన హక్కు ఇది. అందుకే ఎప్పుడు పట్టుకున్నారన్నది ప్రాణం లాంటి సంగతి.

కొన్నేళ్ల క్రితం జాలరిపేటల వైపు నుంచి ఒక తల్లి మా ఆఫీసుకి వచ్చింది. “నా కొడుకుని అట్టుకెలిపోనారు బావూ” అంది. ఎప్పుడమ్మా అని అడిగితే, “మొన్న తెల్లారగట్ట, వలలు సర్దుతుంటే” అంది. పోలీసుల అరెస్టు కాగితంలో మాత్రం నిన్న సాయంత్రం 6 గంటలకు బస్ కాంప్లెక్స్ దగ్గర అరెస్టు చేసినట్టు ఉంది. మధ్యలో దాదాపు ఒకటిన్నర రోజు. ఆమె పేరున తెలుగులో అర్జీ రాస్తూ నేను అలవాటుగా ‘అదుపులోకి తీసుకున్నారు’ అని రాశాను. వకీలుగారు ఎర్ర పెన్నుతో ఆ రెండు మాటలూ కొట్టేసి, పైన ‘పట్టుకెళ్లారు’ అని రాసి, పక్కన తేదీ, వేళ వేయమన్నారు. “ఆవిడ చెప్పినట్టే రాయండి. మీ మాటలో టైము పోయింది” అన్నారు. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

*

(ఇది గ్రూపులో పెట్టాక వచ్చిన ప్రశ్నలు, నా జవాబులు.)

మధురవాడ టీచరుగారు: అయ్యా, మరి ‘విచారణకు పిలిచారు’ అని కూడా రాస్తున్నారు కదా. అది సరైనదేనా?

నా జవాబు: అక్కడా చిక్కే ఉందండీ. పోలీసులు చేసేది దర్యాప్తు. కోర్టులో జరిగేది విచారణ. ‘విచారణ ఖైదీ’ అంటే కేసు కోర్టులో ఉండగా జైల్లో ఉన్నవాడు. స్టేషన్లో అడిగే ప్రశ్నల్ని కూడా విచారణ అనేస్తే వినేవాళ్లకి అక్కడే తీర్పు అయిపోయినట్టు అనిపిస్తుంది. ఇక పిలవడం సంగతి. ఏడేళ్లు, అంతకు లోపు శిక్ష పడే నేరాల్లో వెంటనే అరెస్టు అక్కర్లేదనుకుంటే నోటీసు ఇచ్చి రమ్మంటారు. మనవాళ్లంతా పాత సీఆర్‌పీసీ సెక్షన్ పేరున ‘41ఎ నోటీసు’ అనేది అదే, ఇప్పుడది నాగరిక సురక్షా సంహితలో 35(3). వెళ్లి సహకరిస్తున్నంత కాలం మామూలుగా అరెస్టు చేయకూడదు, చేయాలనుకుంటే కారణం రాసి పెట్టాలి. 2014లో అర్ణేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. నోటీసు మీద వెళ్లినవాణ్ణి ‘అదుపులోకి తీసుకున్నారు’ అని రాస్తే, పాపం అతని పరువు ఏమవుతుందో ఆలోచించండి. ఆడపిల్లకి సంబంధం చూస్తున్న ఇల్లయితే మరీ.

సీతమ్మధార సభ్యురాలు: అంకుల్, మా అత్తగారి మెడలో పుస్తెలతాడు పొద్దున్న వాకింగ్‌లో బైక్ మీద వచ్చి లాక్కుపోయారు. ఫిర్యాదులో మావారు ‘దోపిడీ’ అని రాశారు. ఎస్సైగారు ‘కొట్టాడా? కత్తి చూపించాడా?’ అని అడిగారట. మాకు బాధేసింది, నమ్మట్లేదేమో అని.

నా జవాబు: నమ్మక కాదమ్మా. మనకి దోపిడీ అంటే ఎంత పోయింది, ఎంత ఘోరంగా పోయింది అన్న బాధ. అందుకే టమాటా ధర పెరిగినా దోపిడీ అంటాం. చట్టానికి మాత్రం దోపిడీ అంటే దొంగతనానికి తోడు దెబ్బ, అడ్డగింత, లేదా అక్కడికక్కడే ఏమైనా చేస్తాడన్న భయం కలపాలి. పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309వ సెక్షన్ అది. 10 ఏళ్ల దాకా శిక్ష, పొద్దుగూకాక తెల్లారేలోపు రహదారి మీదైతే 14 ఏళ్ల దాకా. చటుక్కున లాక్కుపోవడానికి కొత్తగా 304వ సెక్షన్ పెట్టారు, మూడేళ్ల దాకా శిక్ష. పాత ఐపీసీలో దీనికి విడిగా పేరు లేదు. కాబట్టి ‘దోపిడీ’ అని పేరు పెట్టే పని మనం పెట్టుకోకుండా జరిగింది జరిగినట్టు రాయడమే మేలు. వెనక నుంచి వచ్చాడా, తోశాడా, అత్తగారు పడ్డారా, మెడ కోసుకుపోయిందా, అన్నీ రాయండి. సెక్షన్ వేసేది వాళ్లు. అత్తగారికి దెబ్బ తగిలితే ఆసుపత్రి కాగితం జత చేయండి. ఇప్పుడెలా ఉన్నారు?

సీతమ్మధార సభ్యురాలు: పర్లేదు అంకుల్, మెడ మీద గీత మానుతోంది. కాసేపు టెన్షన్ పడ్డారంతే.

గాజువాక సభ్యుడు: మరి బందిపోటు అంటే? చిన్నప్పుడు గుర్రాలు, అడవులు అనుకునేవాళ్లం.

నా జవాబు: లెక్క ఒక్కటే తమ్ముడూ. ఐదుగురు, అంతకు పైన కలిసి దోపిడీ చేస్తే, చేయబోయినా సరే, అది బందిపోటు. 310వ సెక్షన్. నలుగురైతే దోపిడీయే. ఇంకో సంగతి కూడా చెప్పాలి. చట్టంలో దొంగతనం కదిలే వస్తువుకే వర్తిస్తుంది. నేలని దొంగిలించలేరు. చెట్టు నేలలో ఉన్నంతసేపు దొంగసొత్తు కాదు, నరికేస్తే అవుతుంది. మన తెలుగు కూడా ఇక్కడ చట్టంతోనే నడిచింది. స్థలం దొంగతనం చేశారని ఎవరూ అనరు, కబ్జా చేశారంటారు. మన ఊళ్లో ఆ మాటకి అర్థం ఎవరికీ చెప్పక్కర్లేదు.

భీమిలి పెద్దాయన: ‘ముద్దాయి’ మాట కూడా చూడండి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులోకి వచ్చేసరికి నేరం మోపబడ్డవాడయ్యాడు.

నా జవాబు: అవునండీ, మంచి మాట గుర్తుచేశారు. అందుకే నేను ‘నిందితుడు’ అనే రాస్తాను. తీర్పు వచ్చాకే ‘దోషి’. ఈ రెంటినీ కలిపేయడం నాకు అసలు నచ్చదు.

మొదట అడిగిన సభ్యుడు: సరే అన్నా, అనువాదంలో నేనేం రాయాలి?

నా జవాబు: అరెస్టయితే ‘అరెస్టు’ అనే రాయండి. రిక్షా తొక్కేవాడికీ తెలిసిన మాట, అది తెలుగే. నోటీసు ఇస్తే ‘నోటీసు ఇచ్చి పిలిచారు’. ఏదో తెలియకపోతే ‘పట్టుకెళ్లారు’ అని రాసి, ఎప్పుడు, ఎక్కణ్ణుంచి అన్నది తప్పకుండా కలపండి. అరెస్టు మెమో (అరెస్టు చేసినప్పుడు పోలీసులు రాసే కాగితం) అనువాదం అయితే తేదీ, వేళ, సాక్షి సంతకం, అరెస్టయిన మనిషి సంతకం ఉన్న వరుసలు ఒక్కటీ వదలొద్దు. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టమన్న వరుసలవి. ఆ జాలరి తల్లి కొడుకు మెమోలో సాక్షి సంతకం చోటు ఖాళీగా ఉంది. మేం మొదట పట్టుకున్నది దాన్నే.