ఓటుకు 18, మద్యానికి 21: ఈ తేడా సమంజసమేనా?

ఎదుర్లంక వాసి:
మా ఊరి దగ్గర గౌతమీ గోదావరి మీది వంతెన దాటితే యానాం వస్తుంది. ఇవతల ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. అవతలి ఒడ్డు పుదుచ్చేరి పాలనలో ఉన్నందున అక్కడ 18 నిండితే చాలు. మా తమ్ముడి స్నేహితులు, డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలు, ఆదివారం సాయంత్రం రెండు బైకుల మీద వంతెన దాటి వెళ్లి, చీకటి పడ్డాక తూలుతూ అదే దారిన తిరిగి రావడం నా కళ్లతో చూశాను. 1989లో ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించుకున్న దేశంలో, ఎమ్మెల్యేను ఎన్నుకోగలిగినవాడికి బీరు సీసా కొనుక్కునే వివేకం లేదనడం సబబేనా? లేక యానాంలోనే వయసు పెంచాలా?

న్యాయవాద వృత్తిలో ఉన్నాను:
మద్యం రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాకు చెందిన అంశం కనుకనే ఈ తేడాలు. కేరళ 2017లో 21 నుంచి 23కు పెంచింది. ఆ తర్వాత హర్యానా 25 నుంచి 21కి దించింది. ఓటుతో పోలిక మాత్రం నిలవదండీ. పురుషుడి వివాహ వయసు కూడా 21 ఏళ్లే కదా! పైగా మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు చెప్పింది, మత్తు పానీయాలను నిషేధించేందుకు రాజ్యం కృషి చేయాలని 47వ అధికరణం అంటోంది. నా ఓటు 21కే.

అమెరికా నుంచి:
ఇక్కడ 1971లో ఓటు వయసు 18కి తగ్గగానే చాలా రాష్ట్రాలు, మీరు చెప్పిన తర్కంతోనే, మద్యం వయసునూ తగ్గించాయి. వయసు తక్కువ ఉన్న పక్క రాష్ట్రానికి కుర్రవాళ్లు కారులో వెళ్లి, తాగి తిరిగివస్తూ ప్రమాదాల పాలయ్యేవారు. అచ్చంగా మీ వంతెన కథే. 1984లో కేంద్ర ప్రభుత్వం, వయసు 21 చేయని రాష్ట్రాలకు రహదారుల నిధుల్లో కోత తప్పదనడంతో అన్నీ దారికొచ్చాయి. అయితే తల నెరిసిన నన్ను కూడా కౌంటరు దగ్గర గుర్తింపు కార్డు అడిగిన సందర్భాలున్నాయి. ఆ అలవాటు లేనిచోట అంకె ఎంతైతే ఏమిటి?

మాజీ సేల్స్‌మన్:
పై మాట నిజం. ప్రభుత్వమే దుకాణాలు నడిపిన రోజుల్లో నేను ఒక దుకాణంలో పనిచేశాను. సాయంత్రం రద్దీలో ఇనుప కటకటాల సందులోంచి డబ్బు పట్టుకున్న చెయ్యి ఒక్కటే లోపలికి వస్తుంది. ఆ చేతికి ఎన్నేళ్లో ఎవరు చెప్పగలరు? ఒకసారి మీసమైనా సరిగా రాని కుర్రాణ్ణి ఆధార్ కార్డు చూపించమంటే వెనుదిరిగి పోయాడు గానీ, పది నిమిషాల్లో ఒక ఆటో డ్రైవరు అదే బ్రాండు పేరు చెప్పి, అదే మడతపడ్డ ఐదువందల నోటు అందించాడు. ఇక బెల్టు షాపులో అడిగేవాడే లేడు.

ఎదుర్లంక వాసి:
అందరికీ ధన్యవాదాలు. పుదుచ్చేరి చట్టం నా చేతిలో లేదు. అయితే 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే బండి నడిపేవాడి వయసు ఎంతైనా నేరమే కనుక, ఆదివారం రాత్రుళ్లు వంతెన ఇవతలి కొసన శ్వాస పరీక్షలు జరపమని పోలీసులకు అర్జీ రాస్తున్నాను. దాని నమూనా ఎవరి దగ్గరైనా ఉంటే పంపగలరా?