పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ మింట్ నడిపాను. సేవ్ చేసిన ఫైల్ ఎక్కడికి పోయింది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. విండోస్ 11 దీని మీద ఎక్కదు. విండోస్ 10కేమో 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆగిపోయింది. మెషిన్ బాగానే ఉంది కదా, పారేయడానికి మనసొప్పక విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌లో తేలికపాటి రకమైన ఎక్స్‌ఎఫ్‌సీఈ చూద్దామనుకున్నాను. డిస్కులో పదేళ్ల ఫొటోలున్నాయి. అందుకే ఇన్‌స్టాల్ జోలికి పోకుండా పెన్‌డ్రైవ్ మీదే నడిపాను.

మొదట ఐఎస్‌ఓ ఫైల్‌ని (సిస్టమ్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండేది) పెన్‌డ్రైవ్‌లోకి ఊరికే కాపీ చేశాను. మెషిన్ దాన్ని పట్టించుకోలేదు, నేరుగా విండోస్ వచ్చేసింది. తర్వాత ఎచర్ అనే ప్రోగ్రామ్‌తో రాసి, ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కితే, దేని నుంచి మొదలవ్వాలో ఎంచుకునే బూట్ మెనూ వచ్చింది. డెస్క్‌టాప్ రావడానికి రెండు నిమిషాల పైనే పట్టింది కానీ, వచ్చాక ప్రాణం లేచొచ్చింది. ఈ ల్యాప్‌టాప్ అంత చురుగ్గా కదిలి ఎన్నాళ్లయిందో.

ఇక అసలు సంగతి. అమ్మ తన చిన్ననాటి కబుర్లు చెబుతుంటే నేను టైప్ చేస్తూ వస్తున్నాను. ఆ రోజు కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అమరిక కలుపుకుని, లిబ్రెఆఫీస్‌లో రెండు గంటలు కూర్చుని నాలుగు పేజీలు చేశాను. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో సేవ్ చేశాను. ఫైల్ పేరు కనిపించింది, మూసి మళ్లీ తెరిచి కూడా చూశాను. మర్నాడు ఆన్ చేస్తే ఫోల్డర్ ఖాళీ. తెలుగు కీబోర్డు లేదు, వైఫై పాస్‌వర్డ్ కూడా మళ్లీ అడిగింది. విండోస్‌లోకి వెళ్లి డిస్కంతా వెతికాను, ఎక్కడా లేదు. ఆ ఫైల్ తిరిగి వచ్చే దారి ఉందా? ఇలా మళ్లీ జరగకుండా ఏం చేయాలి?

ఒకటో జవాబు

ఆ ఫైల్ రాదండీ. ఈ మాట ముందే చెప్పడం మంచిది, లేకపోతే రికవరీ సాఫ్ట్‌వేర్లు పట్టుకుని ఇంకో రెండు రోజులు పోగొట్టుకుంటారు. అది ఏ డిస్కు మీదా పడలేదు. ర్యామ్‌లో ఉండి, కరెంటు ఆగగానే పోయింది.

అచ్చయిన పుస్తకం మీద ట్రేసింగ్ కాగితం పరిచి రాయడం లాంటిది ఇది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న సిస్టమ్ స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే కుదించిన రూపంలో ఉంటుంది. దాన్ని చదవగలం, మార్చలేం. మీరు చేసే ప్రతి మార్పూ ఓవర్‌లే అనే ఇంకో పొరలో పడుతుంది. ఆ పొర ఉండేది ర్యామ్‌లో. కంటికి మాత్రం రెండూ కలిసి ఒకే డిస్కులా కనిపిస్తాయి, అందుకే మీరు మూసి తెరిచినా ఫైల్ వచ్చింది. షట్‌డౌన్ చేస్తే పై కాగితం పోతుంది, కింద పుస్తకం మొదట్లో ఎలా ఉందో అలాగే ఉంటుంది. కీబోర్డూ వైఫై పాస్‌వర్డూ కూడా అలాగే పోయాయి.

మీ ఫొటోలు చెక్కుచెదరకుండా ఉన్నది కూడా ఈ పద్ధతి వల్లే. మీరుగా తెరిచి రాస్తే తప్ప, ఇన్‌స్టాల్ నొక్కితే తప్ప, లైవ్ సెషన్ (ఇన్‌స్టాల్ చేయకుండా ఇలా పెన్‌డ్రైవ్ నుంచి నడపడం) లోపలి డిస్కు మీద మీ ఫైళ్లను ముట్టుకోదు.

ఇప్పటికిప్పుడు తేలికైన దారి, ఇంకో పెన్‌డ్రైవ్ గుచ్చి అందులో సేవ్ చేసుకోవడం. తీసేముందు ఎజెక్ట్ నొక్కండి. విండోస్ డ్రైవ్‌లోనే సేవ్ చేద్దామంటే, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే చిక్కు. షట్‌డౌన్ అన్నా అది సగం నిద్రలోనే ఉంటుంది కాబట్టి లినక్స్ ఆ డ్రైవ్‌ని చదవడానికి మాత్రమే తెరవచ్చు, లేదా అసలు తెరవకపోవచ్చు. పవర్ ఆప్షన్స్‌లో దాన్ని ఆపేయండి.

రెండో జవాబు

పెన్‌డ్రైవ్‌లోనే దాచుకోవాలంటే పెర్సిస్టెన్స్ కావాలి, అంటే షట్‌డౌన్ చేసినా మార్పులు నిలిచే ఏర్పాటు. ఎచర్ ఐఎస్‌ఓని ఉన్నదున్నట్టు రాస్తుంది, అందులో ఈ సౌకర్యం లేదు. విండోస్‌లో రూఫస్ అనే ఎచర్ లాంటి ప్రోగ్రామ్ తెరిచి మింట్ ఐఎస్‌ఓ ఎంచుకుంటే పెర్సిస్టెంట్ పార్టిషన్ (మార్పులు దాచే భాగం) సైజ్ అని ఒక స్లైడర్ కనిపిస్తుంది. ఐఎస్‌ఓ సుమారు 3 జీబీ కాబట్టి 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో 8 జీబీ దానికి ఇచ్చినా ఇబ్బంది లేదు. ట్రేసింగ్ కాగితం ఇక ర్యామ్‌లో కాకుండా ఆ పార్టిషన్‌లో ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఎచర్‌తో రాసిన పెన్‌డ్రైవ్‌ని విండోస్‌లో గుచ్చితే ఫార్మాట్ చేయాలా అని అడగచ్చు. పాడైందని కంగారుపడి ఓకే కొట్టకండి, విండోస్‌కి ఆ పార్టిషన్ అర్థం కాక అలా అడుగుతుంది. రాసే ముందు ఐఎస్‌ఓ షా256 (ఫైల్ పూర్తిగా దిగిందో లేదో తేల్చే సంకేతం) సరిచూసుకోండి. సగం దిగిన ఫైల్‌తో రోజంతా కుస్తీ పట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

మూడో జవాబు

పెర్సిస్టెన్స్ వద్దనను గానీ, అమ్మగారి మాటల్లాంటివి దాచడానికి దాన్ని నమ్ముకోవద్దని నా మాట. చిన్న చిన్న రాతలకు మామూలు పెన్‌డ్రైవ్‌లు చాలా నెమ్మది. మధ్యలో లాగేస్తే ఆ పార్టిషన్ దెబ్బతినచ్చు. సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌ని అప్‌డేట్ చేసినా బూట్ అయ్యేది ఐఎస్‌ఓతో వచ్చిన పాత కెర్నెలే. అక్కడ రాసినా రెండో కాపీ ఇంకోచోట ఉండాలి.

లైవ్ సెషన్‌ని మీరు దేనికి వాడాలంటే, మీ మెషిన్ లినక్స్‌తో కుదురుతుందో లేదో తేల్చుకోవడానికి. వైఫై, సౌండ్, వెబ్‌క్యామ్, వెలుతురు తగ్గించే కీలు, టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లు. వీటన్నిటికంటే ముందు మూత వేసి పది నిమిషాలు ఆగి తెరవండి. నిద్ర లేచాక వైఫై పనిచేయకపోవడం, స్క్రీన్ నల్లగా ఉండిపోవడం ఇక్కడే బయటపడతాయి. పాత ల్యాప్‌టాప్‌ల్లో నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. వేగం సంగతికొస్తే పెన్‌డ్రైవ్‌ని చూసి తీర్పు చెప్పకండి. యూఎస్‌బీ 2.0 గరిష్ఠంగా సెకనుకు 480 మెగాబిట్లు, 3.0 అయితే 5 గిగాబిట్లు. నీలం రంగు పోర్టు ఉంటే అది మామూలుగా 3.0, అందులో గుచ్చండి.

బయాస్‌లో (మెషిన్ మొదలయ్యేటప్పటి సెట్టింగులు) సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగు మార్చాలనిపిస్తే, ముందు విండోస్ డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగచ్చు, అది చేతిలో లేకపోతే ఫొటోలు నిజంగానే చిక్కుకుపోతాయి. ఇన్‌స్టాలర్‌లో ఎరేజ్ డిస్క్ (డిస్కంతా చెరిపేయడం) అన్న మాట కనిపిస్తే, ఫొటోల బ్యాకప్ ఉంటేనే ముందుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. ఫైల్ పోయిందని తెలిశాక బాధగానే ఉంది గానీ, ఎక్కడికి పోయిందో అర్థమైంది కాబట్టి వెతకడం మానేశాను. రూఫస్‌తో 8 జీబీ ఇచ్చి మళ్లీ రాశాను. ముందు ఒక్క వాక్యం ఉన్న ఫైల్ సేవ్ చేసి, షట్‌డౌన్ చేసి, ఆన్ చేసి చూశాను. ఉంది! తెలుగు కీబోర్డు కూడా అలాగే ఉంది. ఆ తర్వాతే అమ్మని మళ్లీ కూర్చోబెట్టాను. విసుక్కోకుండా మొత్తం మళ్లీ చెప్పింది, మొదటిసారి చెప్పని బావి గిలక సంగతి కూడా ఈసారి కలిసింది. రోజూ లేచేముందు ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నాను.

మూత వేసి తెరిచే పరీక్ష చేశాను. స్క్రీన్ వచ్చింది, వైఫై రాలేదు. ప్యానెల్‌లో నెట్‌వర్క్ గుర్తు నొక్కి వైఫై ఆపి ఆన్ చేస్తే వస్తోంది. ప్రతిసారీ ఇంతేనా, దీనికి పరిష్కారం ఉందా?

మూడో జవాబు ఇచ్చినవారు

ఆపి ఆన్ చేస్తే వస్తోందంటే డ్రైవర్ ఉంది, నిద్ర లేచాక సరిగా మొదలవ్వట్లేదు. టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) ఎల్‌ఎస్‌పీసీఐ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో (lspci) కొట్టి, నెట్‌వర్క్ కంట్రోలర్ అని ఉన్న వరుస ఇక్కడ పెట్టండి. ఏ చిప్పో తెలిస్తే దారి చెప్పచ్చు. అది తేలేదాకా ఇన్‌స్టాల్ ఆపండి.

ప్రశ్న అడిగినవారు

సరేనండీ, రాత్రికి పెడతాను. ఈలోపు ఫొటోలు బయటి హార్డ్ డిస్కులోకి ఎక్కిస్తున్నాను. ఇప్పటికి సగం అయ్యాయి.