ప్లస్ టూలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్: మన ఒడిశా తెలుగువాళ్లలో చేరినవాళ్లు ఉన్నారా?

బరంపురం అమ్మ
మా అమ్మాయి మెట్రిక్ అయింది. పైలట్ అవుతానని మూడేళ్లుగా ఒకటే పట్టు. మాకు దగ్గరలో ఉన్న కాలేజీలో ఆర్మీ వింగే ఉంది. అందులో చేర్చితే చాలా, ఎయిర్ వింగ్ కోసం విశాఖ పంపాలా? తనకు దూరంవి కనపడవు, అద్దాలున్నాయి, అది అడ్డమా? ఖర్చెంత? క్యాంపుల్లో ఆడపిల్లలకు ఇబ్బంది ఉంటుందా?

రాయగడ కేడెట్
ఆంటీ, ముందు హిందీ నేర్పించండి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరేడ్‌లో అంతా హిందీ. మొదటి రోజు 'దాహినే ముడ్' అంటే నేను ఎడమకు తిరిగాను. డ్రిల్ నేర్పే ఉస్తాద్ అందరి ముందూ నిలబెట్టారు, రాత్రి అన్నం సహించలేదు. నాన్న పదిహేను రోజులు వాకిట్లో కమాండ్లు ఇచ్చి నేర్పించారు. ఇప్పుడు నేనే కొత్తవాళ్లకు చెప్తున్నాను. బూట్లు మందం సాక్స్ తొడిగి సరిచూసుకోండి, లేకపోతే మడమలు పుండ్లవుతాయి.

మాజీ ఎయిర్‌మన్, పర్లాకిమిడి
వైమానిక దళంలో 20 ఏళ్లు చేశాను, తెలిసి చెప్తున్నాను. పైలట్ కావాలంటే ఆర్మీ వింగ్ దండగ. ఎన్‌సీసీ పిల్లలను ఆఫీసర్లుగా తీసుకునే స్పెషల్ ఎంట్రీకి ఎయిర్ వింగ్ సీనియర్ డివిజన్ 'సీ' సర్టిఫికెట్ ఉండాలి, అది మూడో ఏడు వస్తుంది. అది ఉంటే వైమానిక దళం ఆఫీసర్ల కోసం పెట్టే ఏఎఫ్‌క్యాట్ రాత పరీక్ష లేకుండా నేరుగా ఏఎఫ్‌ఎస్‌బీ, అంటే సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూకి వెళ్లొచ్చు. విశాఖ పంపండి.

గుణుపురం మాస్టారు
దండగ అన్న మాట వెనక్కి తీసుకోండి. ఏళ్ల తరబడి ఆర్మీ వింగ్ పిల్లల్ని తయారు చేస్తున్నాను. మా 'సీ' సర్టిఫికెట్‌తో ఆర్మీలో స్పెషల్ ఎంట్రీ ఉంది, దానికీ రాత పరీక్ష లేదు. పైలట్ కావడానికి అసలు ఎన్‌సీసీయే తప్పనిసరి కాదు. ప్లస్ టూలో లెక్కలు, ఫిజిక్స్‌లో 50 శాతం చొప్పున, డిగ్రీలో 60 శాతం ఉంటే ఎవరైనా ఏఎఫ్‌క్యాట్ రాయొచ్చు.

మాజీ ఎయిర్‌మన్, పర్లాకిమిడి
ఆ పిల్ల అడిగింది ఆర్మీ గురించి కాదు మాస్టారూ. లక్షల మందితో పరీక్ష రాయడం, నేరుగా ఇంటర్వ్యూకి వెళ్లడం ఒకటేనా?

గుణుపురం మాస్టారు
పదహారేళ్ల పిల్లను ఊరు కాని ఊళ్లో హాస్టల్లో పెట్టి, 75 శాతం హాజరు కోసం ఎండలో పరేడ్లు చేయించి, లెక్కలు పోగొట్టుకుంటే ఆ ఇంటర్వ్యూ దాకా వెళ్తుందా? మీకు సర్వీస్ తెలుసు, నాకు పిల్లలు తెలుసు.

జయపురం అక్క
మీరిద్దరూ వాదించుకుంటూ అసలు సంగతి వదిలేస్తున్నారు. నేను ప్లస్ టూ ఆంధ్రాలో ఎయిర్ వింగ్‌లోనే చేశాను. రెండేళ్లు కష్టపడి 'బీ' సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. 'సీ'కి మూడో ఏడు కావాలి. నాన్నకు ఒంట్లో బాగోలేక ప్లస్ త్రీ డిగ్రీకి ఇంటికొచ్చేశాను. ఇక్కడి కాలేజీలో ఎయిర్ వింగ్ లేదు. అక్కడితో ఆగిపోయింది. ఆ నీలం బెరే టోపీ ఇప్పటికీ బీరువాలో ఉంది. అమ్మా, ప్లస్ టూ కాలేజీ ఒక్కటే చూడకండి, డిగ్రీ ఎక్కడో కూడా ఇప్పుడే అనుకోండి.

బల్లార్షా తెలుగోడు
మాది మహారాష్ట్ర వైపు. నేను నాగపూర్‌లో ఎయిర్ వింగ్. మైక్రోలైట్ అనే బుల్లి విమానం ఎక్కాను! మూడుసార్లు వాతావరణం బాగోలేదని వెనక్కి పంపారు, నాలుగోసారి దొరికింది. పైనుంచి పొలాలు చూస్తుంటే మా తాత గుర్తొచ్చాడు, జన్మలో రైలు తప్ప ఏదీ ఎక్కని మనిషి. విమానం బొమ్మలు తయారుచేసే ఏరోమోడలింగ్ కూడా చాలా బాగుంటుంది, బాల్సా చెక్క అరగదీస్తూ రాత్రులు గడిపేవాళ్లం.

మాజీ ఎయిర్‌మన్, పర్లాకిమిడి
పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉంటాడు బాబూ, విమానం నడిపినట్టు చెప్పకు.

బల్లార్షా తెలుగోడు
నడిపానని ఎక్కడన్నాను? ఎక్కాను అన్నాను. స్టిక్ పట్టుకోనిచ్చారు. అది కూడా దొరకని పిల్లలు ఎంతమంది ఉన్నారో తెలుసా?

బరంపురం అమ్మ
దయచేసి అద్దాల సంగతి ఎవరైనా చెప్పండి.

జయపురం అక్క
ఎన్‌సీసీలో చేరడానికి అద్దాలు అడ్డం కాదమ్మా. కానీ మైనస్ పవర్ అద్దాలతో పైలట్లుండే ఫ్లయింగ్ బ్రాంచికి తీసుకోరు. గ్రౌండ్ డ్యూటీకి వీలుంటుంది. అద్దాలు పోవడానికి లేసిక్ ఆపరేషన్ అంటూ తొందరపడకండి, 20 ఏళ్లు నిండకముందు చేయించుకుంటే పనికిరాదు. రంగులు సరిగ్గా గుర్తుపడుతుందో లేదో కూడా డాక్టర్‌కు చూపించండి. ఫ్లయింగ్‌కి ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు, కాళ్ల పొడవు కూడా కొలుస్తారు. చేరడానికి ఫీజు లేదు. క్యాంపులో ఆడపిల్లలకు వేరే బస ఉంటుంది, నాకు ఏ ఇబ్బందీ రాలేదు.

గుణుపురం మాస్టారు
పైలట్ ఆప్టిట్యూడ్ టెస్ట్ కూడా చెప్పమ్మా. సీపీఎస్‌ఎస్ అనే ఆ టెస్ట్ జన్మకు ఒక్కసారే. ఫెయిలైతే వైమానిక దళంలో పైలట్ దారి మూసుకుపోతుంది. ఎయిర్ వింగ్ పిల్లకైనా అంతే.

మాజీ ఎయిర్‌మన్, పర్లాకిమిడి
అది మాత్రం నిజం మాస్టారూ. దండగ అన్న మాట తప్పే, ఒప్పుకుంటున్నాను. విశాఖ పంపమన్నది మాత్రం మార్చుకోను.

రాయగడ కేడెట్
మా చెల్లికి డ్రిల్ బూట్లు కావాలి, 5 నంబర్. ఎవరిదగ్గరైనా పాతవి ఉన్నాయా?

బరంపురం అమ్మ
ఇప్పుడే గుమ్మం దగ్గర నిలబెట్టి కొలిచాం. 161. గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేసుకుంది. అద్దాల మాట తనకు ఇంకా చెప్పలేదు. రేపు కంటి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాక చెప్తాను.