కృతజ్ఞత అంటే ఉన్నదాంతో సరిపెట్టుకోమనేనా? బుద్ధుడు అసలేం చెప్పాడు?

టంగుటూరు రైతుబిడ్డ:
అందరికీ నమస్కారం. మాది టంగుటూరు దగ్గర పల్లె, పొగాకు వేస్తాం, ఆకు కాల్చే బ్యారన్ ఒకటి ఉంది. ఈ ఏడు మార్కెట్ సంగతి మీకు తెలిసిందే, వేలానికి తీసుకుపోయిన బేళ్ళు ఎవరూ పాడక నో బిడ్ అని వెనక్కి వస్తుంటే ఇంట్లో ఎవరూ ఎవరితో సరిగ్గా మాట్లాడుకోవట్లా. నిద్ర పట్టట్లేదంటే మా బావమరిది ఆన్‌లైన్‌లో ఒక మెడిటేషన్ క్లాసులో చేర్పించాడు, బౌద్ధ పద్ధతి అంట. ఆ చెప్పే ఆయన రోజూ పడుకోబోయే ముందు మూడు మంచి విషయాలు రాసి థ్యాంక్స్ చెప్పుకోమన్నాడు. రాస్తన్నా. గాలి, నీళ్ళు, ఆరోగ్యం. మర్నాడు మళ్ళీ గాలి, నీళ్ళు, ఆరోగ్యం. చిన్నప్పుడు ఇంపోజిషన్ రాసినట్టే ఉంది, లోపల ఏమీ కదలట్లా.

ఇంకో డౌటు కూడా. కృతజ్ఞత అంటే రేటు రాకపోయినా నోరు మూసుకుని ఉన్నదానికి దండం పెట్టుకోమనేగా? మా నాయనా అదే అంటాడు, కాకపోతే బుద్ధుడి పేరు చెప్పడు. నిజంగా బుద్ధుడు ఇట్టానే చెప్పాడా లేక ఇప్పటోళ్ళు తగిలించిందా? చదివినోళ్ళు కాస్త చెప్పండి.

ఒంగోలు మాస్టారు (రిటైర్డ్):
బాబూ, గాలికీ నీళ్ళకీ థ్యాంక్స్ చెప్పడం తప్పని అనను గానీ పాళీ సూత్రాల్లో, అంటే పాళీ భాషలో ఉన్న బుద్ధుడి బోధల్లో, కృతజ్ఞత అనేది ముందుగా మనుషుల మధ్య సంగతి. నాకు ఎవరు ఏం చేశారో గుర్తుపెట్టుకోవడం, దానికి తగ్గట్టు తిరిగి ఏదో ఒకటి చెయ్యడం, ఈ రెండూ కలిస్తేనే లెక్క. ఆ సూత్రాల సంపుటి ఒకటి, అంగుత్తర నికాయం, అందులో లోకంలో అరుదుగా దొరికే మనుషులు ఇద్దరే అంటాడు, ఎవరూ అడక్కముందే మేలు చేసేవాడు ఒకడు, చేసిన మేలు మరవకుండా తీర్చుకునేవాడు రెండోవాడు. ఇక నీ రెండో డౌటుకి. మంగళ సూత్రం అనే బోధలో (తాళి కాదు) సంతుష్టిని, కృతజ్ఞతని పక్కపక్కనే చెప్పినా వేరువేరుగా లెక్కేశాడు. సరిపెట్టుకోవడం నీకున్న వస్తువులతో, కృతజ్ఞత నీకు మేలు చేసినోళ్ళతో. నీ పంటకి రేటు అడగొద్దని ఈ రెంటిలో ఏదీ చెప్పదు, ఆ మాట మీ నాయన సొంతం :)

ఒక కథ చెబుతా, ధమ్మపదం అట్ఠకథలోది, అంటే ధమ్మపదానికి రాసిన పాత వ్యాఖ్యానంలోది. రాధుడని ఒక పేద ముసలి బ్రాహ్మడు భిక్షువులుండే ఆరామంలో గడ్డి పీకుతూ, ఊడుస్తూ పడుండేవాడు. సన్యాసం ఇవ్వమంటే ఏ భిక్షువూ ముందుకు రాలా. అప్పుడు బుద్ధుడు అడిగాడంట, ఈయన మీలో ఎవరికైనా ఎప్పుడైనా ఏదైనా చేశాడా అని. శారిపుత్రుడు లేచి, స్వామీ నేను రాజగృహంలో భిక్షకి తిరుగుతుంటే ఈయన తనకి వచ్చిన అన్నంలోంచి ఒక గరిటె నా పాత్రలో పెట్టించాడు, నాకు గుర్తుంది అన్నాడు. ఆ ఒక్క గరిటె కోసం శారిపుత్రుడే ఆయనకి దీక్ష ఇచ్చాడు, సంఘంలో అంత పెద్దవాడు. నువ్వు మూడు రాస్తున్నావు కదా, అందులో ఒక్క గరిటె ఉందేమో చూడు. ఎవరు, ఎప్పుడు, ఏం పెట్టారు అని. "ఆరోగ్యం" అని రాస్తే దానికి మొహం ఉండదు, ఎవరికని చెప్తావు.

పెన్నా గట్టు:
మాస్టారు చెప్పింది బో బాగుండాది. మాది నెల్లూరు. నాకు దీన్ని వింటే మన రొట్టెల పండగే గుర్తొస్తుండాది, మొహర్రంలో బారాషహీద్ దర్గా కాడ స్వర్ణాల చెరువులో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు చూడండి, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె అని. కోరిక తీరినోళ్ళు మళ్ళీ వచ్చి, అదే కోరికతో వచ్చిన ఇంకెవరికో ఆ రొట్టె ఇస్తారు. ఎవరి చేతిలో పెడతన్నామో వాళ్ళ కులం మతం ఎవురూ అడగరు. అది బౌద్ధం కాదు, తెలుసు. అయినా నాకు అందినదాన్ని ఇంకొకరికి అందించాల అనేది మా ఊళ్ళో అక్షరం రాని ముసిలామెకి కూడా తెలుసు, క్లాసులో చేరకుండానే.

కానీ నాకొక కంప్లైంట్ ఉండాది. తల్లిదండ్రుల్ని ఒక్కో భుజాన ఒక్కొక్కరిని ఎక్కించుకుని నూరేళ్ళు మోసినా వాళ్ళ రుణం తీరదని ఒక సూత్రం ఉందంట కదా, ఎక్కడ చూసినా అదే ఫార్వర్డ్ చేస్తుంటారు. మా మామగారు పక్షవాతంతో మంచాన ఉండారు. ఫార్వర్డ్ చేసేది మా ఆయన, మోసేది నేను. దీనికి బుద్ధుడు ఏమన్నాడో కూడా ఎవురైనా చెప్తే వింటా.

మార్కాపురం పలక:
అక్కా, ఫార్వర్డ్ మెసేజీలో సగమే వస్తది. ఆ సూత్రంలో తర్వాత ముక్క కూడా ఉంది. మోసినా తీరదు, కానీ ఆ అమ్మానాన్నలు శ్రద్ధ లేనోళ్ళైతే శ్రద్ధ వైపు, పిసినారోళ్ళైతే దానం వైపు, తెలివి లేనోళ్ళైతే తెలివి వైపు మళ్ళిస్తే అప్పుడు తీరుతుందని చెప్పాడు. ఆ లెక్కన కొడుకు చెయ్యాల్సిన పని మీ ఆయనకి ఇంకా మిగిలే ఉంది, వాట్సాప్‌తో అవ్వదు. మాస్టారు చెప్పిన ఇద్దరిలో అడక్కముందే చేసేది మీరు. రెండోవాడు మీ ఇంట్లో ఇంకా పుట్టలా.

టంగుటూరు అన్నకి ఒక మాట. నేను ఈ పాజిటివ్ థింకింగ్ బ్యాచ్‌ని పెద్దగా నమ్మను, కూలోడికి కృతజ్ఞత నేర్పి ఓనరు ఏసీలో కూర్చోడం చాలా చోట్ల చూశా. కానీ సిగాలోవాద సూత్రం చదివాక నోరు పడిపోయింది. అందులో ఆరు దిక్కులు అని చెప్తాడు, తూర్పు అమ్మానాన్న, దక్షిణం గురువులు, పడమర భార్యాబిడ్డలు, ఉత్తరం స్నేహితులు, కింద పనోళ్ళు, పైన శ్రమణులు (సన్యాసులు), బ్రాహ్మణులు. ప్రతి దిక్కుకీ రెండు వైపులా బాధ్యతలు. యజమాని ఏం చెయ్యాలంటే, ఒంట్లో సత్తువని బట్టి పని చెప్పాలి, తిండీ కూలీ ఇవ్వాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి, ఇంట్లో మంచి వంటకం చేస్తే పంచాలి, టైముకి సెలవివ్వాలి. రెండు వేల ఏళ్ళు దాటిన మాట ఇది, ఇప్పటికీ మన ఏరియాలో ఎన్ని షెడ్లలో అమలవుతుందో మీరే చెప్పండి.

సందర్భం కాకపోయినా చెప్తా, బుద్ధుడి సంగతి కోసం బయటికి పోనక్కర్లేదు, మన దొనకొండ దగ్గర చందవరంలో గుండ్లకమ్మ గట్టునే మహాస్తూపం ఉంది. అక్కడి రాయి ఒకటి, భక్తులు బుద్ధుడికి మొక్కుతున్న బొమ్మ, దొంగల చేతుల్లో పడి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాకా పోయి 2016లో తిరిగొచ్చింది. మనోళ్ళలో చూసినోళ్ళెంతమంది?

టంగుటూరు రైతుబిడ్డ:
అందరికీ థ్యాంక్స్ అండీ, ఈ థ్యాంక్స్ మాత్రం ఇంపోజిషన్ కాదు.

మాస్టారు గరిటె అన్నాక రాత్రి పుస్తకం తీస్తే ఆకు గ్రేడింగ్‌కి, అంటే రకాలుగా వేరు చెయ్యడానికి, వచ్చే ఆడోళ్ళు గుర్తొచ్చారు. పొద్దున్నుంచి ఆకు తిరగేసి తిరగేసి చేతులకి జిగురు పట్టి నల్లగా అయిపోతాయి, సబ్బుతో ఎంత రుద్దినా చేదు పోదు, అందుకే మధ్యాన్నం క్యారేజీలో అన్నం చెంచాతో తింటారు. వాళ్ళలో ఒకామె మా అమ్మ ఆపరేషన్ అప్పుడు మా ఇంట్లో వంట చేసిపెట్టింది, కూలీ లెక్కలో రాయొద్దంది. అది రాశా. గాలి నీళ్ళు రాయలా. రాశాక ఆమెకి ఈ సీజన్ కూలీ ఇంకా బాకీ ఉందని కూడా పక్కనే రాయాల్సొచ్చింది. నో బిడ్ అయిన బేళ్ళు అమ్మితేగానీ ఇవ్వలేనని నాయన అంటున్నాడు. ఇప్పుడు నిద్ర ఇంకా పట్టట్లా :(

ఒంగోలు మాస్టారు (రిటైర్డ్):
అది మంచి లక్షణమే, కంగారుపడకు. జపాన్‌లో యోషిమోతో ఇషిన్ అనే ఆయన నైకాన్ అని ఒక పద్ధతి పెట్టాడు, జోడో షిన్ బౌద్ధంలోంచి వచ్చిందే. అందులో ఒక మనిషిని తీసుకుని మూడే అడుగుతారు, ఈ మనిషి నాకేం చేశారు, నేను ఈ మనిషికి ఏం చేశా, నా వల్ల ఈ మనిషికి ఏం ఇబ్బంది కలిగింది. వాళ్ళ వల్ల నాకేం ఇబ్బంది అనే నాలుగోది కావాలనే అడగరు, అది మనకి నేర్పక్కర్లేదు కాబట్టి. నీకు ఎవరూ చెప్పకుండానే మూడోదానికి వచ్చేశావు. నాయనతో పోట్లాడకుండా ముందు అమ్ముడుపోయిన బేళ్ళ డబ్బులోంచే ఆమెది తీసి పక్కన పెట్టమను, ఎరువుల షాపోడు ఒక వారం ఆగగలడు, ఆమె ఆగలేదు.

పెన్నా గట్టు:
షాపోడు ఆగుతాడా మాస్టారూ, మీరు షాపోళ్ళని ఎప్పుడైనా చూశారా :D
టంగుటూరు తమ్ముడూ, మొత్తం కుదరకపోతే సగమైనా ఈ శనివారం ఇయ్యి, మిగతాది ఎప్పుడిస్తావో తారీఖు చెప్పు. తారీఖు చెప్తే వాళ్ళు చీటీ డబ్బు సర్దుకుంటారు. మా ఆయనకి సూత్రం రెండో సగం పంపినా, బ్లూ టిక్ పడింది, రిప్లై లేదు.

మార్కాపురం పలక:
అక్కా ఆయన టైపింగ్ అని వస్తే స్క్రీన్‌షాట్ పెట్టు.