రెడ్ హెర్రింగ్‌ను తెలుగులో ఏమందాం? ‘దొంగజాడ’ సరిపోతుందా?

అడిగినవారు (హనుమకొండ):
అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రాలు మేం ఐదుగురం ఒక బల్ల చుట్టూ చేరి పాత్రపోషణ ఆట ఆడుతుంటాం. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ తరహా ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవారు తలా ఒక పాత్రై మాట్లాడతారు, తేలని చోట పాచికలు వేస్తారు. కథ నడిపేది నేను. ఈమధ్య పట్టుబట్టి పూర్తిగా తెలుగులోనే ఆడుతున్నాం. కత్తియుద్ధాలకు, మంత్రతంత్రాలకు మన భాషలో మాటల కరవేమీ లేదు. చిక్కల్లా రెడ్ హెర్రింగ్ దగ్గరే వచ్చింది. ఆటగాళ్లను అసలు దొంగ మీద నుంచి పక్కకు మళ్లించడానికి కథ రాసేవాడు కావాలని పెట్టే ఆధారం అది. ‘ఎర్ర చేప’ అని చూశాను. పులుసు ఎప్పుడని అడిగారు. మంచి మాట ఉంటే చెప్పండి.

తెలుగు సార్ (విశ్రాంత ఉపాధ్యాయులు):
వెతకడమెందుకు? మాయలేడి ఉంది కదా. రాముణ్ణి ఆశ్రమం నుంచి దూరంగా తీసుకుపోవడం తప్ప దానికి వేరే పనే లేదు.

అడిగినవారు:
సార్, నేనూ మొదట అదే రాసుకున్నాను. అయితే పేరులోనే మాయ ఉంది. ఆ మాట వినగానే మారీచుడు కళ్లముందుకు వస్తాడు, ఇక ఎవరు నమ్ముతారు? లక్ష్మణుడైతే వినకముందే అనుమానించాడు. పైగా లేడి లాగేది ఆశతో. నా ఆధారం ఆటగాడికి ఆశ చూపదు. అతడు తన బుర్ర వాడి, రెండూ రెండూ కలిపి, తానే తప్పుదారి పట్టాలి.

జమ్మికుంట సభ్యురాలు:
ఎండమావి ఎలా ఉంటుంది?

అడిగినవారు:
బాగుంది కానీ అమ్మా, ఎండమావిని ఎవరూ పెట్టరు, దానంతటదే కనిపిస్తుంది. దాన్ని పక్కన పెట్టుకుంటాను, వేరే చోట పనికొచ్చేలా ఉంది.

రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్:
మా ఉద్యోగంలో చూసింది చెబుతాను. ఇంట్లో దొంగలు పడితే పోతూ పోతూ గదుల్లో కారంపొడి చల్లుతారు, జాగిలం వాసన పట్టకుండా. మీరు చెప్పే చేప కథ కూడా కుక్కలదే అని విన్నాను.

అడిగినవారు:
అవునండి, కుక్కలదే. హెర్రింగ్‌ను ఉప్పుపెట్టి బాగా పొగబెడితే ఎర్రబారి ఘాటైన వాసన వస్తుంది. అంతేగాని ఎర్ర హెర్రింగ్ అని వేరే జాతి చేప లేదు. విలియం కాబెట్ అనే ఇంగ్లండు పాత్రికేయుడు 1807లో తన పత్రికలో ఒక ముచ్చట రాశాడు: చిన్నప్పుడు తాను అలాంటి చేపను నేల మీద ఈడ్చి, కుందేలు వెంట పడ్డ వేటకుక్కలను పక్కదారి పట్టించానని. నెపోలియన్ ఓడిపోయాడన్న తప్పుడు వార్తను నమ్మి, ఇంటి సంగతులు వదిలేసిన పత్రికలను ఎద్దేవా చేయడానికి ఆ ముచ్చట వాడుకున్నాడు. నిజంగా వేటగాళ్లు అలా చేసేవారా అంటే పండితులు నమ్మడం లేదు. మాట పుట్టుకే మనల్ని పక్కదారి పట్టించిందన్నమాట!

మీ కారంపొడి మాత్రం నాకు పెద్ద పాఠం. కారం ఉన్న జాడను చెరుపుతుంది. చేప లేని జాడను గీస్తుంది. కథలు కొత్తగా రాసేవారు ఈ రెండింటినీ కలగలుపుతారు. అసలు ఆధారాన్ని దాచేసి, ‘చూశారా, ఎంత తికమక పెట్టానో’ అంటారు. అది కారం చల్లడమే. ఆటగాళ్లు తుమ్ముకుంటూ కూర్చుంటారు, ఆట కదలదు. అందుకే ఒక్క నిజం తేలడానికి కనీసం మూడు ఆధారాలు పెట్టాలని ఈ ఆటలు రాసేవారిలో ఒక లెక్క ఉంది. ఒకటి కంటపడదు, ఒకటి పట్టించుకోరు, ఇంకొకటి తప్పుగా అర్థం చేసుకుంటారు. అవి సరిగా ఉన్నాకే చేప సంగతి.

నేను రాసినది చెబుతాను. కథ కాకతీయుల నాటి ఓరుగల్లులో. స్వయంభూ దేవాలయం నుంచి ఒక రాగిరేకు మాయమైంది. అది పెట్టిన చోట కర్పూరం వాసన. వాసన పట్టుకుని పోతే మట్టెవాడలో ఒక కర్పూరం వర్తకుడు. రాత్రంతా దీపం ఆర్పకుండా మెలకువగా ఉన్నాడు, అడిగితే తడబడుతున్నాడు. దొంగ అతడు కాదు. కానీ తడబాటు నిజం: సుంకం ఎగ్గొట్టి తెచ్చిన మూటలు పెరట్లో దాస్తున్నాడు. (1244 నాటి గణపతిదేవుడి మోటుపల్లి శాసనంలో సుంకం కట్టవలసిన సరుకుల్లో కర్పూరం ఉంది. అక్కడి నుంచే తీసుకున్నాను.) అతణ్ణి పట్టుకున్నవారు ఉత్తచేతులతో తిరిగిరారు. మూటలు దాస్తున్నప్పుడు రాతికోట ద్వారం వైపు ఎవరో దుప్పటి కప్పుకుని పోవడం అతడు చూశాడు. నా ఉద్దేశంలో తప్పుదారి కూడా ఎక్కడికో ఒక చోటికి చేర్చాలి. నవలలో పాఠకుడు పొరబడితే నాలుగు పేజీలు తిప్పేస్తాడు. బల్ల దగ్గర పొరబాటుకు ఐదుగురి ఆదివారం ఖర్చవుతుంది.

జమ్మికుంట సభ్యురాలు:
మరి పట్టుకున్నారా వర్తకుణ్ణి?

అడిగినవారు:
ఎక్కడమ్మా! కర్పూరం వాసన అనగానే, ‘గుడి కదా, ఉండదా మరి’ అనేశారు. గుడిలో కర్పూరం వాసన వింతేమీ కాదన్న సంగతి నాకు రాసేటప్పుడు తట్టనేలేదు. గుమ్మం పక్కన తడిసిన కుండపెంకు ఉందని మాటవరసకు అన్నాను, అంతే. రెండు గంటలు! పెంకును ముక్కలతో జత చేసి చూశారు, కుమ్మరివాడను నిద్రలేపారు, వేయిస్తంభాల గుడి నుంచి ఖిలాకు సొరంగం ఉందని మన దగ్గర చెప్పుకుంటారే, అది ఇక్కడే మొదలవుతుందని తేల్చారు. కథ నడిపేవాడు నోరు తెరిచి ఒక వస్తువు పేరు చెబితే చాలు, ఆటగాళ్లకు అది ఆధారమే. ఎండమావి మాట ఇందుకే దాచుకున్నాను. నేను పెట్టనిది, వాళ్లంతట వాళ్లు చూసేది ఎండమావి. నేను పెట్టేదానికే పేరు కావాలి. ‘దొంగజాడ’ అందామా? దొంగనోటు, దొంగనిద్ర, దొంగసంతకం ఉన్నాయి కదా.

తెలుగు సార్:
ఒక అభ్యంతరం. దొంగ యొక్క జాడ అని విడదీస్తే షష్ఠీ తత్పురుషం, అది అసలైన ఆధారం. దొంగదైన జాడ అంటే విశేషణ పూర్వపద కర్మధారయం, అది మీ చేప. ఒకే మాటకు రెండు విరుద్ధమైన అర్థాలు. పారిభాషిక పదానికి ఇది దోషం, తరగతిలో అయితే కొట్టివేసేవాణ్ణి.

రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్:
సార్, పట్టుకునేదాకా మాకు కూడా ఏది ఏ జాడో తెలియదు.

తెలుగు సార్:
ఆ ముక్క మీరన్నాక నేను వెనక్కి తగ్గుతున్నాను. బల్ల మీద కాగితంలో ‘దొంగజాడ’ అని కనిపించినా ఆటగాడు ఏ సమాసమో చెప్పలేడు కాబట్టి, మీ ఆటకు ఆ దోషమే అక్కరకొస్తుంది. నిఘంటువులో వేయడానికి మాత్రం ఒప్పుకోను.

అడిగినవారి బల్ల దగ్గర ఆడేవారు:
ఇప్పుడే చూశాను ఈ చర్చ. కర్పూరం వర్తకుడి సంగతి ఇలా బయటపెట్టేశారేమిటండీ, వచ్చే ఆదివారం మేం మట్టెవాడకే పోవాలనుకున్నాం. సరే, పోనివ్వండి. ఆ కుండపెంకు ఎవరిదో అయినా చెప్పండి.

అడిగినవారు:
ఎవరిదీ కాదు. వాన పడి వెలిసిందని చెప్పడానికి పెట్టాను.